వలలుడి కుస్తీ - సైరంధ్రి చూపు

మా చెల్లెలు పొద్దున్నే ఫోన్ చేసిందంటే ఏదో కొంప మునిగిందన్నమాటే. ఆవేళా అంతే. "అక్కా, నువ్వు ఒక్కసారి వచ్చి దీనికి నాలుగు మాటలు చెప్పిపో" అంది. 'ఇది' అంటే దాని కూతురు. పద్నాలుగేళ్ళు నిండాయి. బాక్సింగ్ నేర్చుకుంటానని మూడు రోజులుగా అన్నం మీద అలిగి కూర్చుందిట.

వెళ్ళాను. మా చెల్లెలు కళ్ళొత్తుకుంటూ ఎదురొచ్చింది. "సంగీతం అంటే వద్దన్నానా? టెన్నిస్ ఆడతానంటే వద్దన్నానా? ఒకరినొకరు మొహాలు పచ్చడి చేసుకోవడం కూడా ఒక ఆటేనా అక్కా? రేపు ముక్కు వంకర పెట్టుకుని వస్తే దీన్ని ఎవడు చేసుకుంటాడు?"

నేను పెద్దమ్మ హోదాలో గొంతు సవరించుకుని, హింస మంచిది కాదనీ, నాగరికులైన వాళ్ళు అలాంటి వాటిని చూడటానికి కూడా ఇష్టపడరనీ ఏదో మొదలుపెట్టాను. పిల్ల శాంతంగా అంతా విని ఒక్క ప్రశ్న వేసింది.

"పెద్దమ్మా, ప్రతి వేసవి సెలవుల్లోనూ మాకు భారతం చెప్పింది నువ్వే కదా. భీముడు జరాసంధుణ్ణి రెండుగా చీల్చి తలకిందులుగా పారేశాడని నువ్వు చేతులు తిప్పుతూ చెబుతుంటే, అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వినేది. ఒక్కనాడు కూడా 'అయ్యో' అనలేదు. నేను చేతులకి మెత్తటి తొడుగులు వేసుకుని మూడు రౌండ్లు ఆడతానంటే మాత్రం హింస అంటుంది. అదెలా?"

అదెలా? నిజం చెప్పొద్దూ, నా దగ్గర జవాబు లేదు. కాఫీ తాగి, "ఆలోచించి చెబుతానే" అని లేచి వచ్చేశాను. ఆ ఆలోచనే ఇది.

మనలో చాలామందికి నోటికి వచ్చే జవాబు ఒకటుంది. "అది ధర్మయుద్ధం, ఇది డబ్బు కోసం కొట్టుకోవడం" అని. నేను కూడా మొదట అదే అనుకున్నాను. కాని ఇంటికొచ్చి పుస్తకాలు తీసి కూర్చుంటే ఆ జవాబు పది నిమిషాలు కూడా నిలవలేదు.

భారతంలో యుద్ధానికి ముందు ఇరుపక్షాలూ కూర్చుని నియమాలు పెట్టుకున్నాయి. రథికుడు రథికుడితోనే పోరాడాలి, ఏనుగు మీదివాడు ఏనుగు మీదివాడితోనే. ఆయుధం పోయినవాణ్ణి, పారిపోయేవాణ్ణి, వేరొకడితో పోరాడుతున్నవాణ్ణి కొట్టకూడదు. సారథుల జోలికి, శంఖాలూ భేరులూ మోగించేవాళ్ళ జోలికి పోకూడదు. ఎంత చక్కటి నియమాలు! ఏ క్రీడా సంఘం వాళ్ళు కూడా ఇంతకంటే బాగా రాయలేరు. కాని పదమూడో నాటికి వాటి గతి ఏమైంది? అభిమన్యుణ్ణి ఆరుగురు మహారథులు చుట్టుముట్టారు. వింటినీ, గుర్రాలనీ, సారథినీ, కత్తినీ, డాలునీ వరసగా పోగొట్టారు. చివరికి రథచక్రం ఎత్తుకుని నిలబడ్డ పిల్లవాణ్ణి, గద పట్టుకున్న పిల్లవాణ్ణి చంపారు. పద్నాలుగో నాడు సూర్యుడు అస్తమించినా యుద్ధం ఆపలేదు. పద్దెనిమిదో రాత్రి నిద్రపోతున్నవాళ్ళనే నరికారు.

మన పల్లెల్లో చెడుగుడు ఆటని ఈ అభిమన్యుడి కథకి ముడిపెట్టి చెప్పే పెద్దవాళ్ళు ఉన్నారు. ఒక్కడు కూత పెడుతూ ఏడుగురి మధ్యకి వెళ్ళాలి, ఊపిరి ఆగేలోగా తిరిగి రావాలి. చూస్తే నిజంగానే పద్మవ్యూహంలా ఉంటుంది. 2014లో ప్రొ కబడ్డీ పోటీలు మొదలయ్యాక టీవీలో ఆ ఆట చూడని ఇల్లు తక్కువ. ఏడుగురు మగాళ్ళు ఒక్కణ్ణి కాళ్ళు పట్టి ఎత్తి కుదేస్తుంటే మా అత్తగారు కూడా "పట్టు, పట్టు" అని కేకలు పెట్టేవారు. కాని ఆ ఆటలో ఒక ముచ్చటైన సంగతి ఉంది. చిక్కినవాణ్ణి 'ఔట్' అని బయట కూర్చోబెడతారు. తన జట్టువాడు అవతలివాణ్ణి ఒకణ్ణి ఔట్ చేసి వస్తే ఈయన మళ్ళీ 'బతికి' లోపలికి వస్తాడు. చిన్నప్పుడు మనం వీధుల్లో ఆడినప్పుడు కూడా అదే మాట వాడేవాళ్ళం - "నేను బతికానోచ్" అని.

సుభద్ర కొడుకు మళ్ళీ బతికి రాలేదు. యుద్ధానికీ ఆటకీ ఉన్న మొదటి తేడా ఇదే అనుకుంటాను. చచ్చినవాడు మళ్ళీ లేచి వచ్చేటట్టు, ఓడినవాడు రేపు మళ్ళీ ఆడేటట్టు మనిషి కనిపెట్టిన యుద్ధమే ఆట. ఆ లెక్కన చూస్తే ఆట, ధర్మయుద్ధం కంటే కూడా ధర్మమైనది.

ఈ సంగతి గ్రీకుల కవి హోమర్‌కి బాగా తెలుసు. ఇలియడ్ అంటే పేజీ పేజీకీ ఈటె పోట్లే. ఎవడి పన్ను ఎక్కడ ఊడిందో, ఈటె ఎక్కడ దిగి ఎక్కడ తేలిందో కూడా ఆ కవి చెబుతాడు. అలాంటి కావ్యంలో చివరినుంచి రెండోదైన ఇరవైమూడో సర్గలో, చచ్చిపోయిన స్నేహితుడు పట్రోక్లస్ గౌరవార్థం అకిలీస్ ఆటల పోటీలు పెడతాడు. ముష్టియుద్ధానికి గెలిచినవాడికి ఒక కంచరగాడిద, ఓడినవాడికి రెండు పిడుల పాత్ర బహుమతి. ఎపియస్ అనేవాడు లేచి, 'యుద్ధంలో నేనంత గొప్పవాణ్ణి కాదు, కాని ఈ పిడికిళ్ళ దగ్గర నన్ను మించినవాడు లేడు, నా చేతిలో పడ్డవాణ్ణి మోసుకుపోవడానికి వాడి మనుషులు దగ్గరే ఉండండి' అని ప్రగల్భాలు పలుకుతాడు. ఈనాటి బాక్సర్లు పోటీకి ముందు విలేఖరుల దగ్గర పలికే బీరాలకి ఇతనే మూలపురుషుడు కాబోలు! అన్నట్టే ఒక్క దెబ్బతో ఎదుటివాణ్ణి పడగొడతాడు. కాని పడగొట్టిన మరుక్షణం రెండు చేతులూ పట్టి లేవదీసి నిలబెడతాడు.

అదే పోటీల్లో అజాక్స్, ఒడిస్యూస్ కుస్తీ పడుతుంటే ఇద్దరికీ ఒళ్ళు కమిలిపోతుంది. ఎవరూ గెలవరు. అకిలీస్ లేచి ఇక చాలు, ఇద్దరూ గెలిచినట్టే అంటాడు. అజాక్స్, డయోమెడిస్ ఆయుధాలతో తలపడినప్పుడు చూస్తున్న సైనికులే అజాక్స్‌కి ఏమవుతుందోనని భయపడి ఆపమని కేకలు వేస్తారు. పదేళ్ళుగా మనుషుల్ని చంపుతున్న ఆ సైనికులు! యుద్ధంలో 'ఆపండి' అన్నవాడు లేడు. ఆటలో 'ఆపండి' అనగలిగారు.

ఇంతవరకూ వచ్చేసరికి మా పిల్ల పక్షాన తీర్పు చెప్పేద్దామనిపించింది. కాని అసలు చిక్కు అక్కడే మొదలైంది. ఈనాటి ఆటల్లో ఆ 'ఆపండి' అనే మాట నిజంగా ఎంతమంది అంటున్నారు?

బాక్సింగ్‌కి ఇప్పుడున్న నియమాలకి పునాది 1867లో ఇంగ్లండులో క్వీన్స్‌బరీ ప్రభువు పేరున వెలువడిన నియమావళి. చేతులకి తొడుగులు, మూడు నిమిషాల రౌండు, మధ్యలో ఒక నిమిషం విశ్రాంతి, పడినవాడు లేవడానికి పది సెకన్ల గడువు - ఇవన్నీ అందులోవే. జరాసంధుడితో భీముడు పగలూ రాత్రీ పదమూడు రోజులు పోరాడాడని భారతం చెప్పినదానితో పోలిస్తే ఎంత దయగల ఏర్పాటు! కాని ఆ తొడుగు కాపాడేది ఎవర్ని? కొట్టేవాడి చేతి ఎముకల్ని. ఉత్త పిడికిలితో తల మీద బలంగా కొడితే కొట్టినవాడి వేళ్ళే విరుగుతాయి. తొడుగు ఉంటే ఎన్నిసార్లయినా కొట్టచ్చు. పైకి నెత్తురు తక్కువ కనిపిస్తుంది, లోపల మెదడు మాత్రం పుర్రెలో పెరుగు చిలికినట్టు కదులుతుంది. చాలాకాలం బాక్సింగ్ చేసినవాళ్ళు తాగినవాళ్ళలా తూలడం, మాట తడబడటం గమనించి హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికన్ వైద్యుడు 1928లోనే వైద్య పత్రికలో రాశాడు. అమెరికాలో ఫుట్‌బాల్ అని పిలిచే ఆటలో బలమైన శిరస్త్రాణాలు పెట్టుకుని ఢీకొంటారు కదా, అక్కడా ఇదే కథ. మైక్ వెబ్‌స్టర్ అనే పేరుమోసిన ఆటగాడు 2002లో చనిపోతే, బెన్నెట్ ఒమాలు అనే వైద్యుడు అతని మెదడుని పరీక్షించి, పదేపదే తగిలిన దెబ్బల వల్ల మెదడు దెబ్బతిన్న గుర్తుల గురించి 2005లో ప్రకటించాడు. బయటికి గాయం లేదు, నెత్తురు లేదు. కర్ణుడి సహజ కవచంలాంటిదే పెట్టుకున్నా లోపలిదాన్ని అది కాపాడలేదన్నమాట.

1975 అక్టోబరు 1న మనీలాలో మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ పోటీపడ్డారు. పద్నాలుగు రౌండ్లు అయ్యేసరికి ఫ్రేజియర్ కళ్ళు వాచి మూసుకుపోయాయి. ఎదుటి దెబ్బ కనిపించడం లేదు. అయినా పదిహేనో రౌండుకి లేస్తానన్నాడు. అతని గురువు ఎడ్డీ ఫచ్ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, పోటీ ఆపేయించాడు. ఫ్రేజియర్‌కి కోపం వచ్చింది. ఇంకొక్క మూడు నిమిషాలు! ప్రపంచ విజేత కావడానికి ఇంకొక్క రౌండు! కాని ఆ గురువు ఒప్పుకోలేదు. ఫ్రేజియర్ ఆ తర్వాత ముప్ఫై ఆరేళ్ళు, 2011 దాకా బతికాడు. గెలిచిన అలీ కూడా తను చావుకి అంత దగ్గరగా ఎన్నడూ వెళ్ళలేదని చెప్పుకున్నాడు. 1984లో అలీకి పార్కిన్సన్ వ్యాధి ఉన్నట్టు తేలింది. దెబ్బలే దానికి కారణమని వైద్యులందరూ ఒక్కమాటగా చెప్పకపోయినా, 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో వణికే చేత్తో ఆయన జ్యోతి వెలిగిస్తుంటే చూసినవాళ్ళకి గొంతు పట్టేసింది. ఆ చేతుల వేగాన్నే కదా ఒకప్పుడు లోకమంతా మెచ్చుకుంది.

ఫచ్ లాంటి గురువు ప్రతివాడికీ దొరకడు. 1982 నవంబరు 13న లాస్ వేగాస్‌లో కొరియా కుర్రవాడు కిమ్ డుక్ కూ, అమెరికన్ రే మాన్సినీతో తలపడ్డాడు. టీవీలో దేశమంతా చూసింది. పద్నాలుగో రౌండు మొదట్లోనే కిమ్ పడిపోయాడు. లేచాడు, కాని ఆ తర్వాత స్పృహ తప్పి కొద్ది రోజులకే ఆస్పత్రిలో పోయాడు. అప్పటికి అతన్ని చేసుకోబోయే అమ్మాయి కడుపుతో ఉంది. కొద్ది నెలలకి అతని తల్లి తన ప్రాణం తానే తీసుకుంది. ఆ పోటీకి మధ్యవర్తిగా ఉన్నతను కూడా మరుసటి ఏడు అలాగే పోయాడు. ఒక్క దెబ్బకి ఎంతమంది కూలారో చూడండి.

ఆ చావు తర్వాత ఒక ప్రపంచ బాక్సింగ్ సంస్థ పదిహేను రౌండ్లని పన్నెండుకి తగ్గించింది. తక్కినవి 1980ల చివరికి అదే దారి పట్టాయి. మంచిదే. కాని ఒక తల్లి కడుపుకోత మూడు రౌండ్ల తగ్గింపుగా రికార్డుల్లోకి ఎక్కడం నా మనసుకి ఎక్కడో కలుక్కుమంది. ఇక్కడే నాకు భారతం మళ్ళీ గుర్తొచ్చింది.

భీమ దుర్యోధనుల గదాయుద్ధం మనందరికీ తెలిసిందే. కాని దాన్ని ఒక పోటీగా ఎప్పుడైనా చూశారా? ఇద్దరూ ఒకే గురువు శిష్యులు. ఆ గురువు బలరాముడు తీర్థయాత్రలు ముగించుకుని సరిగ్గా ఆ వేళకి వచ్చాడు. ప్రేక్షకులు చుట్టూ కూర్చున్నారు. నియమం ఒక్కటే - నాభికి దిగువ కొట్టకూడదు. బాక్సింగ్‌లోనూ నడుము పట్టీకి దిగువ కొట్టకూడదనే నియమం ఉంది, గమనించారా? న్యాయంగా పోరాడితే భీముడు గెలవడని కృష్ణుడు అర్జునుడితో అన్నాడు. అర్జునుడు తొడ చరిచి సైగ చేశాడు. భీముడు తొడలు విరగ్గొట్టాడు. బలరాముడు నాగలి ఎత్తి మీదికొచ్చాడు, కృష్ణుడు పట్టుకుని ఆపాడు. బలరాముడు భీముణ్ణి కపటయోధుడని నిందించి, రథమెక్కి ద్వారకకి వెళ్ళిపోయాడు.

1997లో మైక్ టైసన్ ఎదుటివాడి చెవి కొరికితే అతన్ని ఓడినట్టు ప్రకటించి, ముప్ఫై లక్షల డాలర్లు జరిమానా వేసి, ఆడే అనుమతి కూడా కొంతకాలం తీసేశారు. భీముడి విషయంలో మధ్యవర్తి అలిగి వెళ్ళిపోయాడు, గెలుపు మాత్రం గెలుపుగానే నిలిచిపోయింది. అయితే వ్యాసుడు అక్కడ పుస్తకం మూసెయ్యలేదు. ఆ తప్పు లెక్క అడగడానికి ఇంకొకర్ని తీసుకొచ్చాడు. ఆవిడే గాంధారి.

స్త్రీపర్వంలో భీముడు ఆమె ముందు నిలబడతాడు. ఆమె ఏమడిగిందో చూడండి. నూరుగురు కొడుకులు పోయిన తల్లి 'నా కొడుకుని ఎందుకు చంపావు' అని మాత్రమే అడగలేదు. నాభికి దిగువ కొట్టావే, అదెలా చేశావు అని అడిగింది. ఆట నియమం అడిగింది! భీముడు, మన మహావీరుడు భీముడు, ఏమన్నాడు? అది ధర్మమో అధర్మమో, భయంతో నన్ను నేను కాపాడుకోవడానికి చేశాను, క్షమించు తల్లీ అన్నాడు. భయమట! ఏ యోధుడి చేతా ఏ ప్రేక్షకుడూ చెప్పించలేని మాటని ఒక తల్లి చెప్పించింది. ఆ తర్వాత, మీకు తక్కువ అపకారం చేసినవాణ్ణి ఒక్కణ్ణయినా ఈ ముసలివాళ్ళకి ఊతకర్రగా మిగల్చలేకపోయారా అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు లేదు.

నేను చెప్పదలుచుకున్న తేడా ఇదే. నెత్తురు లెక్కన చూస్తే పురాణ యుద్ధానికి మన ఆటలు సాటిరావు. అది కడివెడైతే ఇది ఉద్ధరిణెడు. కాని యుద్ధకథ చెప్పిన కవి చావు దగ్గర ఆగడు. కోడళ్ళని, తల్లుల్ని చెయ్యి పట్టుకుని యుద్ధభూమికి నడిపిస్తాడు. ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో వాళ్ళచేత వెతికిస్తాడు. హోమర్ కూడా ఇలియడ్‌ని అకిలీస్ జయధ్వానంతో ముగించలేదు. హెక్టర్ శవం చుట్టూ భార్య, తల్లి, మరదలు విలపించడంతో, దహనంతో ముగించాడు. మన క్రీడా ప్రసారాలకి స్త్రీపర్వం లేదు. గంట మోగుతుంది, విజేత చెయ్యి పైకెత్తుతారు, వ్యాపార ప్రకటన వస్తుంది. పత్రికవాళ్ళు మర్నాడు 'సమరం', 'ఊచకోత', 'మట్టికరిపించారు' అని పెద్ద అక్షరాలు వేస్తారు. యుద్ధం మాటలన్నీ ఎరువు తెచ్చుకున్నారు గాని యుద్ధం తర్వాతి పర్వాన్ని మాత్రం వదిలేశారు.

సంజయుడు మొట్టమొదటి రన్నింగ్ కామెంటేటర్ అని చమత్కారంగా అంటుంటారు. భీష్మపర్వం తీసి చూస్తే ఆ మాట అంత సరి కాదనిపిస్తుంది. సంజయుడు ముందు ఫలితం చెబుతాడు, భీష్ముడు పడిపోయాడని. ధృతరాష్ట్రుడు కుప్పకూలి ఏడ్చి, తేరుకుని, ఎలా జరిగిందో చెప్పమంటే అప్పుడు మొదటి రోజు కథ ఎత్తుకుంటాడు. అంటే ఎవరు పోయారో తెలిశాకే మనం ఆ యుద్ధం వింటున్నాం. ఉత్కంఠతో కాదు, దుఃఖంతో వింటున్నాం. వినే పద్ధతిలోనే ఎంత తేడా!

అసలు చూడటంలోనే రెండు రకాలున్నాయని విరాటపర్వం చదివితే తెలుస్తుంది. వలలుడనే పేరుతో వంటశాలలో ఉన్న భీముడు ఉత్సవంలో జీమూతుడనే మల్లుణ్ణి గిరగిరా తిప్పి నేలకేసి కొట్టి చంపుతాడు. విరాటరాజుకి సరదా పుడుతుంది. ఇక మనుషుల్లో సాటి లేరని అంతఃపురం ఆడవాళ్ళ ముందు సింహాలతో, పులులతో పోరాడిస్తాడు. రాణి సుధేష్ణ చూసి నవ్వుతుంది. ఆ పక్కనే సైరంధ్రి వేషంలో ద్రౌపది ఉంది. ఆమెకి కళ్ళు తిరుగుతాయి. అది చూసి సుధేష్ణ తన చెలికత్తెలతో, ఈ సైరంధ్రికి ఆ వంటవాడి మీద మనసున్నట్టుందే అని వేళాకోళం చేస్తుంది. ఒకనాటి రాత్రి వంటశాలకి వెళ్ళి భీముడితో తన బాధలన్నీ చెప్పుకున్నప్పుడు ద్రౌపది ఈ ముక్క కూడా చెప్పుకుని ఏడుస్తుంది. వ్యాస భారతంలో ఉంది ఇది.

ఇద్దరు ఆడవాళ్ళు, ఒకటే కిటికీ, ఒకటే కుస్తీ. ఒకావిడకి వినోదం. ఒకావిడకి తన మనిషి ప్రాణం. మన ఇళ్ళల్లో టీవీ ముందు మనమందరం సుధేష్ణలమే. మనవాడు కానివాడు దెబ్బ తింటున్నంతసేపూ చూడచ్చు. మా చెల్లెలు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ జరాసంధవధ విని 'అయ్యో' అననిది అందుకే. బాక్సింగ్ పేరెత్తగానే ఏడ్చిందీ అందుకే. అది తప్పని నేననను. కాని జరాసంధుడూ ఒక తల్లి బిడ్డే. నిజానికి ఇద్దరు తల్లుల బిడ్డ.

భాగవతంలో ఇంకో ఘట్టం ఉంది. మథురలో కంసుడు కట్టించిన గోదాలో చాణూర ముష్టికులు అనే కొండల్లాంటి మల్లులు ఒకవైపు, కృష్ణ బలరాములనే పిల్లలు ఒకవైపు. మగవాళ్ళు వింతగా చూస్తున్నారు. చూడవచ్చిన ఊరి ఆడవాళ్ళు మాత్రం ఇది సరిజోడు పోరాటం కాదు, ఇలాంటి అధర్మం జరిగేచోట కూర్చోకూడదు, కూర్చున్నవాళ్ళకీ ఆ పాపం అంటుతుంది అనుకున్నారు. ఈనాడు బాక్సర్లని బరువుని బట్టి విడదీసి సరిజోడుతోనే ఆడించే నియమం ఉంది చూడండి, దాని న్యాయం ఆ మథుర ఆడవాళ్ళు అప్పుడే చెప్పారు. 'కూర్చున్నవాళ్ళకీ అంటుతుంది' అన్న రెండో మాటని మాత్రం ఏ నియమావళిలోనూ ఇంకా చేర్చలేదు.

మన నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ విజేత అయింది. మొదట్లో ఒకసారి మొహం మీద దెబ్బలతో ఇంటికి వస్తే తల్లి భయపడి, పెళ్ళెలా అవుతుందని బెంగపడిందని ఆ అమ్మాయే చెప్పుకుంది. మా చెల్లెలి మాటే! అయినా ఆ ఇంట్లో పిల్లని ఆపలేదు. 2012 దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ బాక్సింగ్ లేనే లేదు. అది చేర్చిన మొదటి ఏడే మణిపూర్ మేరీ కోమ్ కంచు పతకం తెచ్చింది. ఆడపిల్ల ఒళ్ళు ఆడపిల్లదే. దాంతో ఏం చెయ్యాలో తేల్చుకునే హక్కు ఆమెకుంది. 'ఎవడు చేసుకుంటాడు' అనే ప్రశ్నని నేను ఒప్పుకోను. 'దెబ్బ తగిలితే ఎవరు ఆపుతారు' అనే ప్రశ్నని ఒప్పుకుంటాను.

ఇదంతా ఆలోచించుకుని మళ్ళీ వెళ్ళాను. మా చెల్లెలితో, "పంపించు" అన్నాను. అది నన్ను శత్రువుని చూసినట్టు చూసింది. పిల్లతో కూడా రెండు షరతులు చెప్పాను. ఒకటి - ఎలా కొట్టాలో నేర్పే గురువు ఎక్కడైనా దొరుకుతాడు, ఎప్పుడు ఆపాలో తెలిసిన గురువు దగ్గరే నేర్చుకోవాలి. తలకి దెబ్బ తగిలి తల తిరిగితే దాచకుండా చెప్పాలి, ఆ నెల పోటీ పోయినా సరే. రెండు - అమ్మ చూడ్డానికి వస్తుంది, వద్దనకూడదు.

"అమ్మా? ఏడుస్తుంది పెద్దమ్మా!" అంది.

"ఏడవనీవే. ఎవరో ఒకరు ఏడుస్తూ చూడాలి" అన్నాను.

ఆర్నెల్ల తర్వాత మొన్న ఊళ్ళోనే చిన్న పోటీ జరిగింది. తలకి మెత్తటి శిరస్త్రాణం, సరిసమానమైన బరువు పిల్ల ఎదురు, ఒక్కో రౌండు రెండు నిమిషాలు. మా చెల్లెలు నా పక్కన కూర్చుని మొదటి రౌండంతా కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. రెండో రౌండులో మావాళ్ళ పిల్ల ఎదుటి పిల్ల చెంప మీద గట్టిగా ఒకటిచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. మా చెల్లెలు మాత్రం "అయ్యో, పాపం ఆ పిల్ల!" అని లేచి నిలబడింది.

నేను దాని మొహంలోకి చూశాను. పదేళ్ళు భారతం విన్నా రాని 'అయ్యో' అది.

పోటీలో మా పిల్ల ఓడిపోయింది. దిగి వచ్చి తొడుగులు విప్పుకుంటూ మూతి ముడుచుకుని, "అమ్మ నేనెలా ఆడానో ఒక్కమాట అడగలేదు పెద్దమ్మా. ముందు నన్ను తడిమి చూసింది, తర్వాత వెళ్ళి ఆ అమ్మాయిని తడిమి చూసి వచ్చింది. అందరూ నవ్వారు" అని ఫిర్యాదు చేసింది.

"నవ్వనీ" అన్నాను. "వచ్చే పోటీకి కూడా తీసుకురా."